రేటు సంగతి తర్వాత, ముందు అమ్మ సంగతి

ప్రశ్న: ఆరేళ్లుగా ఇంటి ముందుగదిలో కుట్టుపని నడుపుతున్నాను. ఆర్డర్లకు లోటు లేదు, కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. పనిచేసే ఇద్దరమ్మాయిలకు రెండు నెలలుగా జీతం ఆలస్యమవుతోంది. బిల్లు రాశాక, అవతలి మనిషి నోరు తెరవకముందే నేనే అంకె కొట్టేసి తగ్గించి రాస్తాను. బంధువుల దగ్గరైతే అసలే తీసుకోలేను. మా నాన్న చేతికి ఎముక లేని మనిషి. అమ్మకు ప్రతిదానికీ లెక్కే. ఆమెలా డబ్బుమనిషిని కాకూడదని చిన్నప్పుడే అనుకున్నాను. రేటు ఎంత శాతం పెంచితే కస్టమర్లు పోకుండా ఉంటారు?

జవాబు: శాతం నేను చెప్పను. చెప్పినా ఆ అంకెను రాసిన చేత్తోనే కొట్టేస్తారు.

మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాము గానీ, అసలు ఉత్తరంలో నాన్నగారి మంచితనానికి ఒక పేజీ, అమ్మకు కొద్ది వాక్యాలు దక్కాయి. వాటిలో ఒకటి నన్ను వదలలేదు. బడి ఫీజు కట్టే రోజున ఆమె బట్టల అడుగున దాచిన రుమాలు మూట విప్పి, రెండుసార్లు లెక్కపెట్టి మీ చేతిలో పెట్టేదనీ, ఆ లెక్కపెట్టడం చూస్తే మీకు సిగ్గేసేదనీ రాశారు. అడిగినవారికల్లా లేదనకుండా ఇచ్చిన మనిషి ఇంట్లో ఫీజు ఆ మూటలోంచి ఎందుకు రావలసి వచ్చిందో ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆలోచించారా? ఆయన లెక్క చూడలేదు కాబట్టే ఆమె చూడవలసి వచ్చింది. పేరు ఆయనకు మిగిలింది, పిసినారితనం ఆమెకు అంటింది.

అమెరికా మనస్తత్వవేత్త బ్రాడ్ క్లాంట్జ్, ఆయన సహచరులు 2011లో డబ్బుపై మనుషులకుండే నమ్మకాలను నాలుగు తీరులుగా గుర్తించారు: డబ్బంటే విముఖత, డబ్బే సర్వస్వమనుకోవడం, డబ్బుతోనే విలువ అనుకోవడం, డబ్బు విషయంలో మెలకువ. మీది మొదటిది, అమ్మది చివరిది. విముఖత పైకి త్యాగంలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని లోపమని ఎవరూ అనరు, పైగా మెచ్చుకుంటారు. అందులోనూ వ్యాపారం చేసే ఆడదాన్ని "డబ్బు దగ్గర గట్టిది" అంటే అది మెచ్చుకోలు కాదని మనందరికీ తెలుసు. ఆ మాట పడకూడదనే మీరు అంకె కొట్టేస్తున్నారు.

ఈ జంకు మీ ఒక్కరిదే కాదు. ఎమిలీ అమానతుల్లా, మైకేల్ మోరిస్ 2010లో ప్రచురించిన పరిశోధనలో, తమ కోసం బేరమాడిన స్త్రీలు, ఎదుటివారు ఏమనుకుంటారోనన్న భయంతో తక్కువ అడిగారు. మరొకరి తరఫున అడిగినప్పుడు మాత్రం మగవారికి ఏమాత్రం తీసిపోలేదు. మీ విషయంలో ఆ మరొకరు ఎదురుగానే ఉన్నారు. మీరు కొట్టేసిన ప్రతి అంకెలోనూ ఆ ఇద్దరమ్మాయిల కూలి ఉంది. నాన్నగారి పెద్దమనసును ఒకప్పుడు అమ్మ మోసినట్టే, మీ పెద్దమనసును ఇప్పుడు వాళ్లు మోస్తున్నారు. పనిచేసినవారి జీతం ఆపి పంచే ఔదార్యాన్ని, క్షమించాలి, నేను ఔదార్యం అనలేను.

బంధువుల సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఇవ్వలేనివారికి మీ ఇష్టంతో కుట్టిపెట్టండి. ఇవ్వగలిగినవారికి కొలతలు తీసుకునేటప్పుడే కుట్టుకూలి ఎంతో చెప్పండి.

అమ్మ ఇప్పుడు మీ దగ్గరే ఉంటున్నారని రాశారు. ముందుగా ఆ ఇద్దరికీ బాకీ ఉన్న జీతం సర్దండి. తర్వాత ఈ వారంలోనే ఒక సాయంత్రం మిషన్ ఆపేసి, ఈ ఏడాది బిల్లుపుస్తకాలు తెచ్చి ఆమె ముందు పెట్టండి. కొట్టేసిన అంకెలు ఒక్కొక్కటీ మీరు పైకి చదవండి, ఆమెను కూడమనండి. మీరు నన్ను అడిగిన రేటు ప్రశ్న అప్పుడు ఆమెను అడగండి. మొత్తం చెప్పాక ఆమె మళ్లీ మొదటి నుంచి రెండోసారి కూడటం మొదలుపెడితే, అడ్డుపడకండి.