మిర్చి బాకీకి ఏ కోర్టు గుమ్మం ఎక్కాలి?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. బీకాం చేసి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది చదువుతున్నాను. బిజినెస్ లా స్పెషలైజేషన్ చేయాలని ఉంది. మా కాలేజీలో అది విడిగా లేదు. కార్పొరేట్ పనులన్నీ నేషనల్ లా స్కూల్ పిల్లలకే పోతాయని సీనియర్లు అంటున్నారు. నాన్న, బాబాయి కలిసి మిర్చి వ్యాపారం చేస్తారు. మామయ్యేమో సీఎస్ (కంపెనీ సెక్రటరీ కోర్సు) కట్టమంటున్నారు. ఎల్‌ఎల్‌ఎమ్మా (లాలో పీజీ), సీఎస్సా తేలక టెన్షన్‌గా ఉంది.
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: మామూలు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పట్టా మీద స్పెషలైజేషన్ పేరు ఉండదమ్మా, దానికి బెంగ పడకండి. కాంట్రాక్టులు, కంపెనీ లా అందరికీ ఉండే పేపర్లే. మీ సీనియర్లు పూర్తిగా తప్పు చెప్పలేదు. పెద్ద లా ఫర్ములు క్యాంపస్ సెలక్షన్లకు ఎక్కువగా వెళ్లేది నేషనల్ లా స్కూళ్లకే. కానీ వ్యాపార చట్టం అంటే ఆ నాలుగు ఫర్ములే కాదు. నేను హైదరాబాద్‌లో ఇలాంటి దావాలే చూస్తాను. బ్యాలెన్స్ షీట్ ఇస్తే తెల్లమొహం వేయని జూనియర్ దొరకడం నాకు ఇప్పటికీ కష్టమే. మీ బీకాం అక్కడ పనికొస్తుంది.

ఒక పని చేయండి. సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన పార్టీ ఎవరైనా ఉన్నారా అని నాన్నగారిని అడగండి. మిర్చి వ్యాపారంలో లేరంటే నేను నమ్మను! ఆ బాకీ 18 లక్షలు అనుకుందాం. దాన్ని ఏ చట్టం కింద, ఎక్కడ వసూలు చేస్తారో కాగితం మీద రాసుకోండి.

ముందు నాన్నగారి పార్ట్‌నర్‌షిప్ డీడ్ తీయండి. ఫర్మ్ రిజిస్టర్ అయిందా? 1932 నాటి భాగస్వామ్య చట్టంలో 69వ సెక్షన్ చదివే ఉంటారు. రిజిస్టర్ కాని ఫర్మ్ తన ఒప్పందం తాలూకు హక్కు కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు, దావా వేసే నాటికి భాగస్వాముల పేర్లు రిజిస్టర్‌లో ఉండాలి. బాబాయి తర్వాత చేరి, ఆయన పేరు ఎక్కించకపోయినా అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. దావా వేశాక పరుగెత్తి రిజిస్టర్ చేయించుకున్నా ఆ దావా నిలవదు. మళ్లీ వేయాలి, ఈలోగా దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు (లిమిటేషన్) దాటిందా, బాకీ పోయినట్టే. పరీక్షలో షార్ట్ నోట్‌గా రాసి వదిలేసే ఈ సెక్షన్, ఇంట్లో డీడ్ పక్కన పెట్టి చదివితే వేరేగా కనిపిస్తుంది.

తర్వాత ఫోరం, అంటే కేసు ఎక్కడ వేయాలన్నది. 'ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల కేసులు, దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌కి) లాగుదాం' అని చాలామంది వ్యాపారులు ఉత్సాహంగా వస్తారు. దివాలా కోడ్ కింద అక్కడికి వెళ్లాలంటే బాకీ కనీసం కోటి ఉండాలి. 2020 మార్చికి ముందు లక్ష ఉంటే చాలేది. పైగా అవతలిది కంపెనీయో, ఎల్‌ఎల్‌పీయో (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ) అయి ఉండాలి. బాకీ కట్టమని మీరు నోటీసు ఇవ్వకముందే 'సరుకులో తేమ ఉంది' అని బాకీదారు వాట్సాప్‌లో గొడవపడి ఉంటే, అందులో పస ఉందనిపిస్తే అదీ కుదరదు. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే, ఆ తీర్పు తప్పక చదవండి. కాబట్టి మన 18 లక్షలు వ్యాపార వివాదాలు చూసే కమర్షియల్ కోర్టుకే వెళ్తాయి. 2018 సవరణతో అక్కడి కనీస పరిమితి కోటి నుంచి 3 లక్షలకు దిగింది. అత్యవసర ఉత్తర్వు అడిగితే తప్ప, దావాకు ముందు మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ ప్రయత్నం) తప్పనిసరి. చెక్కు బౌన్స్ అయి ఉంటే అది వేరే దారి, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి.

ఇదంతా సొంతంగా రాయగలిగితే సగం స్పెషలైజేషన్ అయిపోయినట్టే. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కూడా ఏసీ ఆఫీసులో కంటే, ప్లెయింట్లు (దావా పత్రాలు) రాయించే వకీలు దగ్గర చేయండి.

ఎల్‌ఎల్‌ఎం విషయం. కోర్టులో వాదించడానికి అది అక్కర్లేదు. పాఠాలు చెప్పాలంటే కావాలి. హైదరాబాద్ లా యూనివర్సిటీ నల్సార్ లాంటి చోట్ల ఏడాది కోర్సుకు క్లాట్, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ల కోర్సుకు పీజీఎల్‌సెట్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. నన్నడిగితే రెండేళ్లు ప్రాక్టీస్ చేసి, ఏ పేపర్ మీద ఆకలుందో తెలిశాక వెళ్లండి.

మామయ్య సలహా చెడ్డది కాదు. కంపెనీల చట్టం 432వ సెక్షన్ ప్రకారం ఎన్‌సీఎల్‌టీలో వకీళ్లే కాదు, సీఏలు, సీఎస్‌లు కూడా వాదించవచ్చు. కానీ కమర్షియల్ కోర్టులో ఆ వీలు లేదు. ఇంకో సంగతి ఆయనకు చెప్పండి: కంపెనీలో పూర్తికాలం జీతానికి చేరితే వకీలుగా ప్రాక్టీస్ ఆపి, సన్నదు (వకీలు లైసెన్సు) సస్పెన్షన్‌లో పెట్టాలి. నెల జీతం కావాలా, కోర్టు కావాలా అన్నది మీ ఇంట్లో ముందు తేల్చుకోండి. జీతమే అయితే సీఎస్‌కు ఈ ఏడాదే కట్టేయండి. కోర్టే అయితే ఆ ఫీజు డబ్బుతో కాంట్రాక్ట్ చట్టం, కంపెనీల చట్టం మీద మంచి వ్యాఖ్యానాలు కొనుక్కోండి, గైడ్లు వద్దు.