ఊడ్నడాటా ట్రాక్ వెళ్లే ముందు క్యాంపింగ్ బండికి ఇంకేం కొనాలి? నన్నడిగితే ఏమీ వద్దు

ఆరు వారాల ట్రిప్, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి ఊడ్నడాటా ట్రాక్ అనే ఎడారి మట్టి రోడ్డు మీదుగా ఉలూరు దాకా, పాత టయోటా ప్రాడో బండి. వెనక డ్రాయర్లు, 50 లీటర్ల ఫ్రిజ్, రెండో బ్యాటరీ, 120 వాట్ల మడత సోలార్ ప్యానెల్ ఇప్పటికే ఉన్నాయి. ఇంకా రూఫ్ టెంటు, రెండో ప్యానెల్ తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న. ఆ లిస్టు చూస్తే రెండేళ్ల కిందటి మా బండే గుర్తొచ్చింది. కార్డు పక్కన పెట్టి ముందు ఇది చదవండి. మా బండి బాగుపడింది కొన్నవాటితో కాదు, దారిలో పీకేసినవాటితో, ఒక రాగి కేబుల్‌తో.

మేం జులైలో మిల్డూరా, రెన్‌మార్క్, హాకర్ మీదుగా మారీ చేరాం. ట్రాక్ మొదలయ్యేది అక్కడే, మారీ నుంచి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్లు, మట్టి రోడ్డు. ట్రాక్ మీద మొదటి రాత్రి కవర్డ్ స్ప్రింగ్స్‌లో పడుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి ఫ్రిజ్ ఎర్ర లైటు కొట్టుకుంటోంది. నొక్కితే కంప్రెసర్ ఒక్కసారి మూలిగి మళ్లీ ఆగిపోతోంది. మా ఆవిడ లేచి "పెరుగు పోయినట్టేనా?" అంది. బయట వణికించే చలి, కాబట్టి పెరుగుకి ఢోకా లేదు. నా పరువే పోయింది, ఆ వైరింగ్ మీద అప్పటికే బోలెడు ఖర్చు పెట్టించాను మరి.

మీకూ మీ ఆవిడ ముందు ఈ పరిస్థితి రాకూడదంటే ఇది శ్రద్ధగా చూడండి. మల్టీమీటర్ తీసి బ్యాటరీ దగ్గర పెడితే 12.5 వోల్టులు. వెనక ఫ్రిజ్ సాకెట్ దగ్గర, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో, 11.6. మధ్యలో దాదాపు ఒక వోల్టు మాయం. బ్యాటరీ నిక్షేపంగా ఉంది. వైరింగ్ చేసినతను ముందు నుంచి వెనక దాకా దారం లాంటి సన్న వైరు లాగి, చివర సిగరెట్ లైటర్ సాకెట్ బిగించి వదిలేశాడు. ఫ్రిజ్ ఆంపియర్లు లాగగానే వోల్టేజి వైరులోనే కరిగిపోతుంది. ఫ్రిజ్ మాత్రం బ్యాటరీ అయిపోయిందనుకుని తనే ఆగిపోతుంది.

ఆ రాత్రికి చేసిందల్లా ఫ్రిజ్ మెనూలో కటాఫ్‌ని, అంటే ఎంత వోల్టేజికి తనే ఆగిపోవాలో చెప్పే సెట్టింగ్‌ని, 'హై' నుంచి 'లో'కి మార్చడం. రెండో బ్యాటరీకి ఇంజిన్ స్టార్ట్ చేసే పని లేదు కాబట్టి ఒక రాత్రికి పర్వాలేదు. అలాగని అదే అలవాటు చేసుకుంటే ఏజీఎం (సీసం రకం) బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది, దాన్ని సగానికి మించి దించకూడదు. ఆలిస్ స్ప్రింగ్స్ చేరాక లావు కేబుల్ కొని, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టి, నేరుగా వెనక్కి లాగి, సిగరెట్ సాకెట్ పీకేసి ఆండర్సన్ ప్లగ్ (ఎక్కువ కరెంటు తట్టుకునే గట్టి ప్లగ్) బిగించాను. కారవాన్ పార్కులో ఒక మధ్యాహ్నం పని. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఫ్రిజ్ ఒక్కసారి కూడా అలగలేదు. రెండో ప్యానెల్ కొనుంటే ఈ జబ్బు జన్మలో తగ్గేది కాదు.

ప్యానెల్ అంటే ఒకటి చెప్పాలి, నవ్వకండి. మొదటి రెండు రోజులు అలవాటు కొద్దీ దాన్ని దక్షిణానికి తిప్పి పెట్టాను. మనూళ్లో చలికాలం ఎండ దక్షిణం నుంచే కదా! ఇక్కడ జులైలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు. తిప్పి పెట్టగానే ఆంపియర్లు ఎక్కడికో వెళ్లాయి. ప్యానెల్‌కి పొడుగాటి కేబుల్ ఉంచుకోండి, అది కూడా లావుదే. బండి చెట్టు నీడలో, ప్యానెల్ ఎండలో. ఫ్రిజ్ చల్లగా ఉన్న చోట ఉంటే కరెంటు సగం తక్కువ తాగినట్టే అనిపిస్తుంది.

ఇక బరువు. రూఫ్ టెంటు వద్దన్నది ఇందుకే. సామాను, నీళ్లు, ఫుల్ ట్యాంకు డీజిల్, మీ ఇద్దరూ ఎక్కాక ఒక్కసారి వేబ్రిడ్జి మీద పెట్టండి, అదే మన ధర్మకాంటా. బండికి అనుమతించిన మొత్తం బరువు, దాంతోపాటు వెనక యాక్సిల్ బరువు, రెండూ చూడాలి. ఈ డ్రాయర్లు, ఫ్రిజ్ అన్నీ వెనకే కూర్చుంటాయి మరి. మేం లిమిట్‌కి బాగా దగ్గరగా ఉన్నాం. ఆలిస్‌లో ఇనుప క్యాంప్ అవెన్, రెండో టేబులు, వాడని రెండు కుర్చీలు ఆప్ షాపుకి (పాత సామాను తీసుకునే ధర్మాదాయ దుకాణం) ఇచ్చేశాం. మా వంటంతా మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌లోనే అయిపోయింది. పప్పన్నం, ఉప్మా, కిచిడీ. గాలిలో మూత లేని గిన్నె పెడితే గ్యాస్ అంతా ఆకాశానికే పోతుంది. అన్నట్టు టోటల్ ఫైర్ బ్యాన్ (కార్చిచ్చు భయంతో బయట మంట నిషేధించే) రోజున గ్యాస్ స్టవ్ మీద కూడా ఆంక్షలుంటాయి, ఆ ప్రాంతపు నిబంధన చూసుకోండి.

ట్రాక్ మీద కారగేషన్లంటే, అదే మట్టి రోడ్డుకి అడ్డంగా పడే చిన్న చిన్న గట్లంటే, ఏంటో ఎంత చెప్పినా అనుభవం అయితే గాని తెలియదు. రేకుల షెడ్డు కప్పు మీద బండి నడిపినట్టే, గంటల తరబడి. టైర్లలో గాలి 38 నుంచి 28 పీఎస్‌ఐకి దించితే ప్రాణం లేచొస్తుంది, హైవే ఎక్కగానే మళ్లీ నింపాలి, కాబట్టి గాలి కొట్టే చిన్న కంప్రెసర్ తప్పనిసరి. ఫ్రిజ్‌లో పక్కపక్కన పెట్టిన సోడా క్యాన్లు ఒకదానికొకటి రాసుకుని రాసుకుని, సూది మొనంత చిల్లులు పడి, అడుగున పాకం మడుగు కట్టింది. అప్పటి నుంచి ప్రతి క్యానుకీ ఒక పాత సాక్సు తొడిగాం. నీళ్ల జెర్రీక్యాన్‌కి కింద ఉన్న కుళాయి విరిగి పది లీటర్లు పోయాయి. కుళాయి దిగిన చోటికెళ్లాక బిగించండి, ప్రయాణంలో మూత మాత్రమే. నీళ్లన్నీ ఒకే దాంట్లో పోయకండి. సాయంత్రం ఆగగానే డ్రాయర్ల బోల్టులు చేత్తో తిప్పి చూడటం నా దినచర్య అయిపోయింది.

దుమ్ముకి: ఏసీని బయటి గాలి మీద పెట్టి ఫ్యాను కొంచెం పెంచండి. లోపల ఒత్తిడి ఉంటే వెనక డోరు సందుల్లోంచి దుమ్ము తక్కువ పీలుస్తుంది. ఎదురుగా బండి వచ్చి మబ్బు లేపితే ఆ నిమిషం మాత్రం రీసర్క్యులేషన్, అంటే లోపలి గాలే తిరిగేలా.

పచ్చిమిర్చి మెల్‌బోర్న్‌లో కొని పట్టుకెళ్లకండి. పండు ఈగ భయంతో సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దులో యాంబా దగ్గర పళ్లు, కొన్ని కూరగాయలు తీసేసుకుంటారు. మావి అరకిలో అక్కడి బుట్టలో పడ్డాయి.

మీ దగ్గర డబ్బు మిగిలితే పీఎల్‌బీ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం కోరే చిన్న పరికరం) కొనండి, ట్రాక్ మీద చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇక ఈ శని ఆదివారాలు బండి మొత్తం సర్దుకుని దగ్గర్లో ఎక్కడైనా రెండు రాత్రులు పడుకుని, ఫ్రిజ్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరా, సాకెట్ దగ్గరా వోల్టేజి ఎంతుందో కొలవండి. ఆ రెండు అంకెలూ, వైరు పొడవూ కింద రాస్తే ఎంత మందం కేబుల్ కావాలో లెక్కేసి చెప్తాను.