దోమను తట్టుకునే వరి మీద ఎమ్మెస్సీ: భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడాది. దోమను, అంటే పైరు రసం పీల్చే సుడిదోమను, తట్టుకునే వరి వంగడాల మీద ఎమ్మెస్సీ చేస్తానంటోంది. బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అవమంటే వినడం లేదు. మందు కొడితే పోయే దోమకు ఇంత చదువు ఎందుకండీ? ఉద్యోగాలుంటాయా?

జవాబు: మందుతోనే పోయేదైతే మీ అమ్మాయికి ఈ ఆలోచనే వచ్చేది కాదు. అదేపనిగా మందు కొడితే సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి. మిగిలిన దోమకు ఇక అడ్డు ఉండదు. అందుకే దోమను తట్టుకునే గుణం విత్తనంలోనే ఉండాలని చూస్తారు. మీ జిల్లాలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన విజేత, కాటన్ దొర సన్నాలు అలా దోమను కొంత తట్టుకునే రకాలే.

పైగా ఇది ఒకసారి చేస్తే అయిపోయే పని కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో దోమను తట్టుకునే ఐఆర్ 26 రకం ఇస్తే, కొన్నేళ్లకే దోమ దానికి అలవాటు పడిపోయింది. 1976లో ఐఆర్ 36 తేవాల్సి వచ్చింది. వరి పిలకను ఉల్లికాడలా మార్చే ఉల్లికోడు పురుగుదీ ఇదే కథ, ఒకచోట దాన్ని తట్టుకున్న రకం ఇంకోచోట లొంగిపోతుంది. పురుగు మారినన్నాళ్లూ ఈ చదువు చదివినవాళ్లకు పని ఉంటుంది.

అసలు తేల్చుకోవాల్సింది ప్లాంట్ బ్రీడింగా (కొత్త వంగడాల తయారీ), ఎంటమాలజీయా (పురుగుల శాస్త్రం) అన్నది. బ్రీడింగ్ అంటే సంకరాలు చేయడం, తరాల తరబడి ఏరడం, బోలెడు లెక్కలు. ఎంటమాలజీలో దోమను పెంచాలి. ట్రేలో మొలకల వరుసలు వేసి, పోల్చి చూడడానికి వాటితో పాటు త్వరగా లొంగే టీఎన్1 రకాన్నీ, గట్టిగా నిలిచే పీటీబీ 33 రకాన్నీ పెట్టి పిల్లదోమలను వదులుతారు. టీఎన్1 ఎండిపోయాక మిగతా వరుసలు ఎంత దెబ్బతిన్నాయో చూసి 0 నుంచి 9 వరకు స్కోరు వేస్తారు. ఈ ఓపిక ఉందో లేదో ఇంట్లో కూర్చుంటే తెలియదు. సెలవుల్లో మార్టేరుకు గానీ, రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థకు గానీ అనుమతి తీసుకుని వెళ్లి చూడమనండి. విత్తన కంపెనీల వైపు మనసుంటే నా ఓటు బ్రీడింగ్‌కే. హైదరాబాద్ చుట్టుపక్కల ఆ కంపెనీలకు కొదవ లేదు.

ఇబ్బందీ చెప్పాలి. ఒక రకం బయటికి రావడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. శాస్త్రవేత్తగా నిలబడాలంటే పీహెచ్‌డీ తప్పదనే అనుకోండి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే స్కాలర్‌షిప్ దొరికి ఖర్చు భారం తగ్గుతుంది.

ఇక బ్యాంకు సంగతి. బీఎస్సీ అగ్రికల్చర్‌తోనే బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వారి అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష రాయొచ్చు, 30 ఏళ్ల వరకు వయసు ఉంటుంది. ఎమ్మెస్సీ చేస్తూ కూడా రాయనివ్వండి, ఇప్పుడే టెన్షన్ పెట్టకండి.