ఆర్డుయినో పిన్ను కాలిపోయింది, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరిపోనా?

ప్రశ్న: హైదరాబాద్‌లో డిప్లొమా ట్రిపుల్ ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్నకు బాలానగర్‌లో చిన్న షెడ్డు ఉంది. పవర్ ప్రెస్ మీద వాషర్లు కొట్టి ఇస్తారు. స్ట్రోకులు లెక్కపెట్టడానికి కోఠి గుజరాతీ గల్లీలో లోహం దగ్గరికి వస్తే తాకకుండానే పసిగట్టే ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ కొన్నాను. దాని మీద ఎల్‌జే12ఏ3-4-జెడ్/బీవై అని ఉంది. వీడియోలో చూపించినట్టే 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చి, నల్ల వైరును ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు పిన్నుకు కలిపాను. బోల్టు దగ్గర పెట్టగానే ఆ పిన్ను పోయింది. అల్యూమినియం ముక్కనైతే దాదాపు ఆనించేదాకా పట్టడం లేదు. ప్రెస్ దగ్గర పెట్టి చూస్తే ఒక్క స్ట్రోకుకు సెన్సర్ లైటు రెండుసార్లు వెలుగుతోంది. పాడైన సెన్సర్ కొన్నానా? ఇదంతా టైమ్ వేస్ట్, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమని మామయ్య అంటున్నారు. ఫీజు వచ్చే వారం కట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, నీ సెన్సర్ పాడవలేదు. నువ్వు రాసిన మూడు సంగతుల్లో ఏదీ దాని తప్పు కాదు. పైగా ఆ మూడింటినీ నువ్వు గమనించి రాశావు చూడు, నీ కెరీర్ గురించి నేను చెప్పబోయేదంతా అక్కడి నుంచే వస్తుంది. ఫీజు మాత్రం వచ్చే వారం కట్టొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు సెన్సర్ సంగతి చూద్దాం.

పిన్ను ఎందుకు పోయిందో నువ్వు రాసిన నంబరులోనే ఉంది. చివర బీవై అని ఉంటే అది పీఎన్‌పీ రకం. నువ్వు చూసిన వీడియోలో వాళ్లు వాడింది బహుశా బీఎక్స్, అంటే ఎన్‌పీఎన్. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అదే ఇత్తడి మర, అదే మూడు వైర్లు: గోధుమ రంగుది ప్లస్, నీలం మైనస్, నల్లది అవుట్‌పుట్. లోపల ట్రాన్సిస్టర్ చేసే పని మాత్రం పూర్తిగా తలకిందులు. ఎన్‌పీఎన్ రకం లోహం కనబడగానే నల్ల వైరును మైనస్‌కు లాగుతుంది. పీఎన్‌పీ రకం నల్ల వైరును ప్లస్‌కు కలుపుతుంది. నువ్వు బోల్టు చూపించగానే 12 వోల్టులు నేరుగా 5 వోల్టుల పిన్నులోకి వెళ్లాయి. ఈ సెన్సర్ అవుట్‌పుట్ 200 మిల్లీయాంపుల దాకా ఇవ్వగలదు. ఆర్డుయినో ఊనో పిన్ను తట్టుకునే గరిష్ఠ పరిమితి 40 మిల్లీయాంపులు. ఆ పిన్ను బతికే అవకాశమే లేదు.

ఈ పొరపాటు కాలేజీ పిల్లలే చేస్తారనుకోకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్యాకింగ్ లైన్‌లో సెన్సర్ పోతే, స్టోర్స్‌లో దొరికిన అదే సైజు సెన్సర్ బిగించాం. లైటు వెలుగుతోంది, లైన్ కదలదు. రాత్రంతా పీఎల్‌సీ, అంటే లైన్‌ను నడిపే కంట్రోల్ కంప్యూటర్, ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ కూర్చున్నాం. తెల్లవారాక ఒక సీనియర్ ఎలక్ట్రీషియన్ వచ్చి, సెన్సర్ మీది అక్షరాలు చదివి, ఇది పీఎన్‌పీ, మన ఇన్‌పుట్ కార్డుకు ఎన్‌పీఎన్ కావాలి అని అర నిమిషంలో తేల్చేశారు. సెన్సర్ లైటు వెలిగితే సెన్సర్ చూసిందని మాత్రమే అర్థం. కంట్రోలర్‌కు ఆ కబురు అందిందో లేదో ఆ లైటు చెప్పదు. ఆ రాత్రి నేర్చుకున్నది నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

ఇక అల్యూమినియం సంగతి. సెన్సర్ తల లోపల ఫెర్రైట్ ముక్క మీద చుట్టిన ఒక కాయిల్ ఉంటుంది. దానికి ఒక కెపాసిటర్ తోడై, రెండూ కలిసి సెకనుకు లక్షల సార్లు ఊగే ఆసిలేటర్‌లా పనిచేస్తాయి. దాంతో తల ముందు చిన్న అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అందులోకి లోహం వస్తే ఆ లోహంలో నీటి సుడుల్లా గుండ్రంగా తిరిగే కరెంట్లు పుడతాయి. వీటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. మీ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే, గిన్నెను వేడెక్కించేవి ఇవే. ఈ కరెంట్లకు కావలసిన శక్తి కాయిల్ నుంచే పోతుంది కాబట్టి ఆసిలేటర్ ఊపు తగ్గిపోతుంది. ఎవరైనా ఉయ్యాలను పక్క నుంచి చేత్తో రాస్తూ ఉంటే అది మెల్లగా నీరసపడిపోతుంది కదా, అలాగన్నమాట. ఊపు ఒక హద్దు కిందికి పడగానే వెనకున్న ట్రిగ్గర్ సర్క్యూట్ అవుట్‌పుట్‌ను మారుస్తుంది. ఇందులో తాకే భాగం లేదు, అరిగే కాంటాక్టు లేదు. నూనె, దుమ్ము పడినా లెక్కచేయదు. ప్రెస్ షాపులో, తగిలితేనే పనిచేసే లిమిట్ స్విచ్ కంటే దీన్ని ఇష్టపడేది అందుకే.

లోహాలన్నీ ఆ ఊపును ఒకేలా తగ్గించవు. ఇనుము ఎక్కువగా తగ్గిస్తుంది. అల్యూమినియం, రాగి మంచి వాహకాలు కాబట్టి కరెంటు సులువుగా తిరుగుతుంది, శక్తి నష్టం తక్కువ, ఊపు అంతగా తగ్గదు. నీ సెన్సర్ మీద ఉన్న 4 మిల్లీమీటర్ల అంకె, 1 మిల్లీమీటర్ మందమున్న మైల్డ్ స్టీల్ పలకతో కొలిచింది. అల్యూమినియానికి, ఇత్తడికి అందులో సుమారు 40 శాతం, రాగికి 30 శాతం దాకా వేసుకోవచ్చు. అంటే అల్యూమినియం ముక్కను అది ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. కంటికి అది ఆనించినట్టే ఉంటుంది. సరదాగా ఒకటి చేసి చూడు: చాక్లెట్ మీది పల్చటి అల్యూమినియం రేకును చూపించు. దాన్ని దిమ్మ అల్యూమినియం కంటే ఎక్కువ దూరం నుంచే పడుతుంది. రేకు మరీ పల్చన కాబట్టి కరెంటుకు అడ్డు పెరుగుతుంది, నష్టం పెరుగుతుంది. రెండు దూరాలూ స్కేలుతో కొలిచి నోట్సులో రాసుకో.

రెండుసార్లు వెలగడం గురించి నువ్వు రాసింది చదివి సంతోషించాను. చాలామంది దీన్ని నాయిస్ అనుకుని ప్రోగ్రాములో డిలే పెట్టి వదిలేస్తారు. నువ్వు సెన్సర్‌ను ప్రెస్ పక్కన మధ్య ఎత్తులో పెట్టి ఉంటావు. ప్రెస్‌లో పైకీ కిందికీ కదిలే దిమ్మ, అంటే రామ్, కిందికి దిగేటప్పుడు దాని బోల్టు సెన్సర్ ముందు నుంచి వెళ్తుంది, పైకి లేచేటప్పుడు మళ్లీ వెళ్తుంది. రెండుసార్లు చూసింది, రెండుసార్లు చెప్పింది. సెన్సర్‌ను రామ్ ప్రయాణంలో అట్టడుగు స్థానం దగ్గర అమర్చు, లేదా క్రాంక్‌షాఫ్ట్ చివర ఒక ఇనుప ముక్క బిగించి, అది తిరిగిన ప్రతిసారీ ఒక్కసారే కనబడేలా పెట్టు. ఫ్లైవీల్ మీద మాత్రం పెట్టకు. క్లచ్ పడకపోయినా ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది, లెక్క తప్పుతుంది. ఇంకో మాట, 12 మిల్లీమీటర్ల మరకు 4 మిల్లీమీటర్ల దూరమున్న ఈ సెన్సర్ నాన్‌ఫ్లష్ రకం. తలను ఇనుప బ్రాకెట్‌లోకి పూర్తిగా దించేస్తే ఆ బ్రాకెట్‌నే చూస్తూ ఎప్పుడూ ఆన్‌లో ఉండిపోతుంది. తల కనీసం ఒక సెంటీమీటరు బయటికి ఉండాలి. బోల్టుకూ తలకూ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్లు వదులు.

ఇప్పుడు వైరింగ్. నీ పీఎన్‌పీ సెన్సర్‌ను మార్చనక్కర్లేదు. సిగ్నల్‌ను వెలుతురుతో అటువైపుకు దాటించే, పీసీ817 అనే నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్ కొనుక్కో, గుజరాతీ గల్లీలో చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. నల్ల వైరు నుంచి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా దాని ఒకటో కాలికి, రెండో కాలు నుంచి నీలం వైరుకు. అటువైపు నాలుగో కాలు ఆర్డుయినో రెండో పిన్నుకు, మూడో కాలు ఆర్డుయినో గ్రౌండుకు. రెండో పిన్నే పోయి ఉంటే మూడోది వాడు, ఊనోలో ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్, అంటే సిగ్నల్ రాగానే ప్రోగ్రామును ఆపి ముందు దాన్ని పట్టించుకునే సదుపాయం, ఈ రెండింటికే ఉంది. ప్రోగ్రాములో ఆ పిన్నుకు ఇన్‌పుట్ పుల్‌అప్ పెట్టు, సిగ్నల్ లేనప్పుడు పిన్ను 5 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. బోల్టు కనబడితే నాలుగైదు మిల్లీయాంపులు పారి లోపలి ఎల్‌ఈడీ వెలుగుతుంది, పిన్ను వోల్టేజి సున్నా దగ్గరికి పడిపోతుంది. 12 వోల్టుల వైపుకూ 5 వోల్టుల వైపుకూ మధ్య వెలుతురు తప్ప ఒక్క తీగ కూడా ఉండదు. ఆర్డుయినోకు విడిగా యూఎస్‌బీ ఛార్జర్ ఇస్తే గ్రౌండ్లు కూడా కలవవు. మోటారు ఉన్న చోట నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. రెండు రెసిస్టర్లతో వోల్టేజిని పంచి తగ్గించడం కూడా కుదురుతుంది, బ్రెడ్‌బోర్డు మీద ప్రయోగాలకు అది చాలు. షెడ్డులో వద్దు.

ఏ సెన్సర్ అయినా ఆర్డుయినోకు తగిలించే ముందు నల్ల వైరుకూ నీలం వైరుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి, బోల్టు ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత చూడు. పీఎన్‌పీ అయితే బోల్టు చూపిస్తే 12 దగ్గరికి పోతుంది. చౌక ఎన్‌పీఎన్ సెన్సర్లలో కొన్నిటికి లోపలే ప్లస్‌కు ఒక రెసిస్టర్ ఉంటుంది. వాటిలో బోల్టు లేనప్పుడు కూడా నల్ల వైరు మీద దాదాపు 12 వోల్టులు కనబడతాయి. ఈ కొలత ఒక్క నిమిషం పని.

కౌంటింగ్ ప్రోగ్రాములో ఒక చిక్కు ఉంది. కరెంటు పోతే లెక్క పోకూడదని ప్రతి స్ట్రోకుకూ ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, రాయాలనిపిస్తుంది. ఊనోలో ఉన్న చిప్‌కు ఒక్కో గడిలో లక్ష సార్లు రాయడానికే హామీ. నిమిషానికి 60 స్ట్రోకులు పడితే 28 గంటల నడకలో ఆ లక్ష అయిపోతుంది, అంటే నాలుగు రోజుల షిఫ్టులు. కాబట్టి వంద స్ట్రోకులకు ఒకసారి రాయి.

మరో విషయం గట్టిగా చెబుతున్నాను. ఇది లెక్కపెట్టే సెన్సర్. చెయ్యి డై కింద ఉందా లేదా అన్నది దీనికి తెలియదు, లోహం తప్ప దీనికేమీ కనబడదు. నాన్న చేతుల రక్షణకు గార్డు, రెండు చేతులతో నొక్కే బటన్లు వేరే ఉండాలి. ఈ సర్క్యూట్‌ను వాటి జోలికి తీసుకెళ్లకు.

ఇక ఫీజు సంగతి. మామయ్య నీ మంచి కోరే చెబుతున్నారు, అమీర్‌పేట కోర్సులతో ఎన్నో కుటుంబాలు బాగుపడ్డాయి. కానీ డిప్లొమా సగంలో ఉన్న నువ్వు, ఏం కావాలో తేల్చుకోకుండా, భయంతో ఒక కోర్సులో చేరడం నాకు సబబుగా అనిపించడం లేదు. నీ ఇంటి చుట్టూ ఉన్నది చూడు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు ప్రాంతాల్లో మందుల ప్యాకింగ్ లైన్లు, సీఎన్‌సీ షాపులు, స్పెషల్ పర్పస్ మెషీన్లు తయారుచేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల ప్రతి మెషీన్‌లోనూ నీ చేతిలో ఉన్నలాంటి సెన్సర్లే ఉంటాయి. వాటిని పీఎల్‌సీకి కలిపి, ఆగిన లైన్‌ను కదిలించగలవాళ్లు కావాలి. ఆ పనికి సీ భాష, లాజిక్ కూడా కావాలి కాబట్టి ప్రోగ్రామింగ్ నువ్వు ఎలాగూ వదలవు. దీన్ని సాఫ్ట్‌వేర్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య పోటీగా చూడొద్దని మామయ్యకు చెప్పు.

ఈ సెన్సర్‌ను ప్రపంచానికి ఇచ్చిన కథ కూడా ఆయనకు చెప్పు. 1945లో జర్మనీలోని మన్‌హైమ్‌లో ఇద్దరు కలిసి ఒక రేడియో రిపేరు షాపు పెట్టారు. పెప్పర్ల్, ఫుక్స్ వాళ్ల పేర్లు. 1958లో ఆ షాపు నుంచే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ స్విచ్ వచ్చింది. మీ షెడ్డు లాంటి చోటే.

మూడో సంవత్సరంలో ఈసెట్, అంటే డిప్లొమా వాళ్ల ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష, రాయి. మంచి ర్యాంకు వస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. ట్రిపుల్ ఈ తీసుకున్నా, ఇన్‌స్ట్రుమెంటేషన్ దొరికినా నీకు సరిపోతాయి. చదువు ఆపి సంపాదించాల్సి వస్తే డిప్లొమా తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంది. బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, రామంతపూర్‌లో నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ (ఎన్‌ఎస్‌టీఐ) ఉంది. సెలవుల్లో ఏయే షార్ట్ టర్మ్ కోర్సులు నడుస్తున్నాయో స్వయంగా వెళ్లి అడుగు. ప్రైవేటులో పీఎల్‌సీ కోర్సు చేరాలనుకుంటే డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న వెయ్యి: ప్రతి విద్యార్థీ తన చేత్తో సెన్సర్‌ను ఇన్‌పుట్ కార్డుకు వైరింగ్ చేస్తారా, లేక స్క్రీన్ మీద సిమ్యులేషనే చూపిస్తారా? రెండోదైతే లేచి వచ్చేయ్.

ఇప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకో. కాలిన పిన్ను కథ మొదటి పేజీలో రాయి: సెన్సర్ నంబరు, వేసిన వైరింగ్, జరిగింది, కారణం, మార్చింది. తర్వాత లోహాలవారీగా కొలిచిన దూరాలు, ప్రెస్ దగ్గర తీసిన ఫొటోలు, నాన్న సుద్దముక్కతో వేసుకున్న లెక్కకూ నీ కౌంటర్ లెక్కకూ వచ్చిన తేడా. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు దీన్నీ తీసుకెళ్లు. మెయింటెనెన్స్ హెడ్లు అలాంటి పేజీలు తిప్పి చూస్తారు, అందులోంచే ప్రశ్నలు అడుగుతారు.

ఆదివారం షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి, ఫ్లైవీల్ పూర్తిగా ఆగాక, నాన్నను పక్కన నిలబెట్టుకుని సెన్సర్‌ను కొత్త చోట బిగించు. సెన్సర్ వైరును మోటారు వైర్లతో కలిపి కట్టకు, విడిగా తీసుకురా. మొదటి వెయ్యి స్ట్రోకులు నువ్వూ చేత్తో లెక్కపెట్టి, ఎన్ని తేడా వచ్చాయో నాకు రాయి.