మైత్రి టెన్నిస్ ఆఫర్ల గురించి పెద్దమ్మ ఉత్తరం

చి. సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మైత్రికి రెండు కాలేజీల నుంచి టెన్నిస్ స్కాలర్‌షిప్ ఆఫర్లు వచ్చాయన్నావు. ఒకటి అమెరికా పశ్చిమ తీరంలో ఉండి, బిగ్ టెన్ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో (కాలేజీ టీమ్‌లు కలిసి ఆడే కూటమి) చేరిన యూనివర్సిటీ. రెండోది మీ ఇంటి నుంచి కార్లో మూడు గంటల్లో వెళ్లిపోగలిగే కాలేజీ, దాని కాన్ఫరెన్స్ పేరు చెప్తే మన బంధువుల్లో ఎవరికీ తెలియదు. అల్లుడుగారికి మొదటిదే నచ్చిందనీ, నువ్వు ఎటూ తేల్చుకోలేకపోతున్నావనీ అన్నావు. ఇలాంటి సంగతి ఫోన్‌లో సగం సగం చెప్పడం ఇష్టం లేక కూర్చుని రాస్తున్నాను.

మా అమ్మాయి హారిక విషయంలో మేం చేసిన పొరపాటు మీరు చేయకూడదు. అది కాలేజీని చూసి చేరలేదు, స్విమ్మింగ్ కోచ్‌ని చూసి చేరింది. ఆయన నిజంగా మంచి మనిషే. మేం ఇంకేమీ అడగలేదు. 2020లో దాని సెకండ్ ఇయర్ అయిపోగానే టీమ్ మొత్తానికి జూమ్ కాల్ ఉందని మెసేజ్ వచ్చింది. పావుగంట కాల్. అది డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వింటోంది, నేను వెనక స్టవ్ దగ్గరున్నాను. బడ్జెట్ చాలట్లేదు, స్విమ్మింగ్ తీసేస్తున్నాం, స్కాలర్‌షిప్ మాత్రం డిగ్రీ అయ్యేదాకా ఇస్తాం అన్నారు. మధ్యలో కోచ్ కెమెరా ఆఫ్ చేసుకున్నాడు. వేరే కాలేజీకి మారదామంటే క్రెడిట్లు చాలావరకు పనికిరావన్నారు. ఇక అక్కడే చదువు పూర్తి చేసింది, ఈత మానేసింది. కాలేజీ పేరు రాసున్న దాని బ్యాగు ఇప్పటికీ మా గ్యారేజీలో మేకుకి వేలాడుతోంది. తీసేయనా అని ఒకసారి అడిగితే వద్దంది.

అందుకే, కోచ్ మాటల కంటే ముందు ఆ కాలేజీలో డబ్బు ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోతోందో మీరు తెలుసుకోవాలి.

కాన్ఫరెన్స్ అంటే ఒకప్పుడు ఇరుగుపొరుగు కాలేజీలు కలిసి ఆడుకునే ఏర్పాటు. బస్సెక్కి వెళ్లి ఆడొచ్చేవాళ్లు. కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ హక్కులు, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ ఒక్కదాని గుప్పిట్లో ఉండటం కుదరదని 1984లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, కాన్ఫరెన్సులు ఎవరి బేరం వాళ్లు ఆడుకోవడం మొదలైంది. పెద్ద బేరం ఎటుంటే కాలేజీలు అటు నడిచాయి. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ, యూఎస్‌సీ యూనివర్సిటీలు పశ్చిమ తీరపు కాన్ఫరెన్స్ ప్యాక్-12ని వదిలి బిగ్ టెన్‌కి వెళ్తున్నామన్నాయి. రెండు నెలలు తిరక్కముందే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ చానళ్లతో ఏడేళ్లకి 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. ప్యాక్-12కి ఆపిల్ స్ట్రీమింగ్ ఆఫర్ తప్ప గట్టిది దొరకలేదు. 2023 ఆగస్టు 4న ఒక్కరోజులో ఐదు కాలేజీలు వెళ్లిపోయాయి. ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి. పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి, అదీ టీవీ డబ్బులో తక్కువ వాటాకి ఒప్పుకుని. డాలస్‌లో మనవాళ్ల పిల్లలు చదివే ఎస్ఎంయూ అందులో చోటు కోసం తొమ్మిదేళ్ల టీవీ డబ్బే వదులుకుంది. ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్‌లను ఎవరూ పిలవలేదు. ఆరెగన్ స్టేట్ వాళ్లు 16 కోట్ల డాలర్ల పైచిలుకు పెట్టి బాగుచేసిన స్టేడియం సరిగ్గా ఆ ఏడాదే తెరుచుకుంది. విజిట్‌కి వెళ్లినప్పుడు మీకు కొత్త జిమ్, లాకర్ రూమ్ చూపిస్తారు. చూడండి, కానీ వాటిని బట్టి నిర్ణయం తీసుకోకండి.

ఇవన్నీ ఫుట్‌బాల్ కోసం జరిగినవి. టెన్నిస్, ఈత, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలు ఎన్ని గంటలు విమానాల్లో కూర్చోవాలో ఆ లెక్కల్లో లేదు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టయింది.

కిందటి ఏప్రిల్‌లో మా న్యూజెర్సీకి పశ్చిమ తీరం నుంచి ఒక అమ్మాయిల టెన్నిస్ టీమ్ వస్తే చూడ్డానికి వెళ్లాను. పొద్దున పది గంటల మ్యాచ్. వాళ్ల ఒంటికి అప్పుడు ఏడే. సింగిల్స్ ఆడి ఓడిపోయిన పిల్ల ఒకతి బెంచీ చివర కూర్చుని, తల మీద తువ్వాలు కప్పుకుని, ఆ నీడలో ల్యాప్‌టాప్ తెరిచింది. ఆన్‌లైన్ క్విజ్ రాస్తోంది. పక్క కోర్టులో తన టీమ్ వాళ్లు పాయింట్ గెలిచినప్పుడల్లా తల ఎత్తకుండానే చప్పట్లు కొడుతోంది. మైత్రి బయోకెమిస్ట్రీ చదవాలనుకుంటోంది కదా. ల్యాబ్ క్లాసులు తువ్వాలు కింద అవ్వవు. అందుకే కోచ్‌ని కిందటేడాది షెడ్యూల్ అడగండి. వసంతంలో ఎన్ని శుక్రవారాలు ఊళ్లో ఉండరు, ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు తిరిగొస్తారు, తప్పిన ల్యాబ్ ఎవరు మళ్లీ చేయిస్తారు. ఇంకోటి, ఆ టీమ్‌లో ల్యాబ్ సబ్జెక్టు చదివే అమ్మాయి ఒక్కరైనా ఉన్నారేమో అడిగి, ఆ అమ్మాయితో మైత్రిని విడిగా మాట్లాడనివ్వండి. కోచ్ పక్కన ఉండకూడదు.

పెద్ద కాలేజీలో మంచి లేదని నేననడం లేదు. పోటీ స్థాయి వేరు, ఫిజియోలు, ట్యూటర్లు ఉంటారు. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడిన తర్వాతే 2014 ఏషియన్ గేమ్స్ స్వర్ణం దాకా వెళ్లాడు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆడి, ప్రొఫెషనల్‌గా మారిన కొత్తలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. అల్లుడుగారు ఆ మ్యాచ్ గురించే చెప్తున్నారన్నావు. మైత్రికి అంత ఆట, అంత కోరిక ఉంటే లెక్క మారుతుంది. దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు, కాలేజీ తర్వాత ఆడాలనుందా అని. డాక్టర్ అవ్వాలని ఉన్న పిల్లకి ఒక దారి, ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్‌కి వెళ్లాలని ఉన్న పిల్లకి ఇంకో దారి.

ఇక డబ్బు. 2025 జూన్ 6న కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి జడ్జి ఆమోదం ఇచ్చాక కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బులివ్వచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పెద్ద కాలేజీలు చాలావరకు అందులో ముప్పావు భాగం ఫుట్‌బాల్‌కి, మిగిలినదాంట్లో ఎక్కువ మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి పెడుతున్నాయి. టెన్నిస్ పిల్లలు ఆ మూటలోంచి ఏదో వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. పైగా అదే ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పాత పరిమితి పోయి, టీమ్‌లో ఎంతమంది ఉండాలో పరిమితి వచ్చింది. టెన్నిస్‌కి పదిమంది. ఆ పదిమందికీ ఫుల్ స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు, కానీ ఇవ్వాలని లేదు. కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్పుల్లో 25 లక్షల డాలర్ల వరకు ఆ 2.05 కోట్లలోనే లెక్కేస్తారు కాబట్టి, టెన్నిస్‌కి ఒకటి పెంచితే ఫుట్‌బాల్‌కి అంత తగ్గుతుంది. ఎవరికి తగ్గుతుందో ఊహించుకో.

పదే చోట్లు. దేశదేశాల నుంచి ఇరవై ఏళ్లు దాటిన ఆటగాళ్లొస్తారు, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి అనుభవమున్నవాళ్లొస్తారు. సెకండ్ ఇయర్‌లో మైత్రి కంటే మంచి ప్లేయర్ దొరికితే దాని చోటు ఏమవుతుంది? మొహమాటపడకుండా ఇదే మాట అడగాలి. జవాబు నోటితో చెప్తే చాలదు. ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాళ్లు సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని 2024 అక్టోబర్‌లో తీసేశారు, ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పందమే అసలు కాగితం. అందులో ఎన్నేళ్లకో చూడు. ఏడాదికే అని ఉంటే నాలుగేళ్లకి రాసివ్వమని అడుగు. దెబ్బ తగిలితే, టీమ్ తీసేస్తే, కోచ్ వెళ్లిపోతే ఏమవుతుందో ఈమెయిల్‌లో రాయించుకో. టీమ్ తీసేయడం అరుదు అనుకోకు. స్టాన్‌ఫర్డ్ అంతటిదే 2020లో పదకొండు ఆటలు తీసేస్తున్నామని చెప్పి, గొడవయ్యాక మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. 2025లో కాలిఫోర్నియాలో కాల్ పాలీ యూనివర్సిటీ స్విమ్మింగ్ తీసేసింది, టెక్సస్‌లో యూటెప్ యూనివర్సిటీ అమ్మాయిల టెన్నిస్ తీసేసింది.

అందరూ మర్చిపోయేది, మీకు అన్నిటికంటే ముఖ్యమైనది వీసా. మైత్రి ఇంకా హెచ్-4 మీదే ఉంది, అంటే అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా. హెచ్-4 పిల్లలకి పనిచేసే హక్కు లేదు. ఎవరైనా రాకెట్ కంపెనీ వాళ్లు ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకి డబ్బులిస్తామన్నా, కాలేజీ ఏదైనా చెల్లిస్తామన్నా, ఇమిగ్రేషన్ లాయర్ని అడగకుండా ఎక్కడా సంతకం పెట్టనివ్వకు. తోటి పిల్లలు తీసుకుంటున్నారు కదా అని తీసుకుంటే అది స్టేటస్‌కే ముప్పు. ఇరవై ఒకటి నిండేసరికి గ్రీన్ కార్డ్ రాకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, అది థర్డ్ ఇయర్‌లోనో ఫోర్త్ ఇయర్‌లోనో పడుతుంది. అప్పుడు ఫీజు ఇన్-స్టేట్‌గానే (ఆ రాష్ట్రం వాళ్లకి ఉండే తక్కువ ఫీజు) ఉంటుందా, స్కాలర్‌షిప్ ఏమైనా మారుతుందా అని రెండు కాలేజీల్లోనూ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుని ఇప్పుడే అడుగు. కోచ్‌లకి ఇవి తెలియవు.

నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నా. రేపు పొద్దున టెన్నిస్ టీమే లేకపోయినా మైత్రి నాలుగేళ్లు ఇష్టంగా చదువుకోగల కాలేజీ ఏదో ఆ కాలేజీకే పంపు. నాకైతే దగ్గరిదే మేలనిపిస్తోంది. దాని బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ ఎలా ఉందో మాత్రం హారిక కనుక్కుంటానంది.

గురువారం కోచ్‌తో కాల్ ఉందన్నావు. ప్రశ్నలన్నీ మైత్రినే అడగనీ, నువ్వు పక్కన కూర్చుని రాసుకో. రెండు టీమ్‌ల కిందటేడాది షెడ్యూళ్లు, ఆ స్కాలర్‌షిప్ కాగితాల ఫొటోలు నాకు పంపు. ఎన్ని క్లాసులు పోతాయో లెక్క కట్టి ఆదివారానికి పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ