ఇంట్లో ఆర్కేడ్ డబ్బా, స్క్రీన్ కరెంటు తిప్పలు

ప్రశ్న: సార్, మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. సెలవులకి వచ్చే పిల్లోళ్ళ కోసం ప్లైవుడ్‌తో ఆర్కేడ్ డబ్బా, అదే గేమ్ పార్లర్లలో ఉండే మాదిరి వీడియో గేమ్ పెట్టె, ఒకటి చేసినాను. పాత ల్యాప్‌టాప్ 15.6 అంగుళాల ప్యానెల్‌కి ఎస్పీ రోడ్డులో డ్రైవర్ బోర్డు (ప్యానెల్‌కి బొమ్మ పంపేది) కొని తగిలించినా, లోపల గేములు నడిపేదానికి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంది. గోడకి ఒకటే ప్లగ్ పోవాలని నా పట్టుదల, అందుకని ఒకే 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ నుంచి స్క్రీన్ బోర్డుకీ, స్పీకర్ల ఆంప్లిఫయర్‌కీ, 12ని 5 వోల్టులకి దించే చిన్న స్టెప్‌డౌన్ మాడ్యూల్ పెట్టి రాస్ప్‌బెర్రీకీ ఇచ్చేసినా. గేమ్ లోడయ్యేటప్పుడు స్క్రీన్ ఒక సెకను నల్లగా పోయి మళ్ళీ వస్తాంది, మూలలో పసుప్పచ్చ మెరుపు గుర్తు కూడా. ప్యానెల్ పోయినట్టేనా?

జవాబు: ప్యానెల్‌కేం రోగం లేదండీ, తిండి చాలట్లేదు అంతే. ఆ మెరుపు గుర్తు ప్యానెల్‌ది కాదు, రాస్ప్‌బెర్రీది, తనకొచ్చే 5 వోల్టులు సుమారు 4.63 కన్నా కిందకి జారినప్పుడు అది పెట్టే కేక. లెక్కేసి చూడండి, మీ అడాప్టర్ మహా ఇస్తే 24 వాట్లు. రాస్ప్‌బెర్రీ పై 4కి 5.1 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ వాడమంటారు, అంటే 15 వాట్లు, స్టెప్‌డౌన్ మాడ్యూల్ తన వాటా తినేశాక మీ 12 వోల్టుల వైపు అది 17, 18 అవుద్ది. స్క్రీనూ దాని బోర్డూ కలిపి ఇంకో పది పన్నెండు వేసుకోండి. అక్కడికే దాటిపోయింది, ఆంప్లిఫయర్‌ని ఇంకా కలపనేలేదు! రోజంతా అంత లాగదులెండి, కానీ గేమ్ లోడయ్యే ఆ రెండు సెకన్లలో అందరూ ఒక్కసారే కంచం పట్టుకొస్తారు, 12 కాస్తా కిందకి కూలుద్ది, స్క్రీన్ బోర్డు రీసెట్ అయిపోద్ది, మీకు కనపడే నలుపు అదే.

ఇంకోటుంది, చాలామంది చూడనిది, తీగ మందం. సన్న 28 గేజ్ తీగ మీటరు పొడవు వాడారనుకోండి, పోను రాను కలిపి 0.4 ఓములు దాటుద్ది, దాంట్లో 2 ఆంపియర్లు పారితే 0.8 వోల్టు దార్లోనే హరీ. మాడ్యూల్ దగ్గర మీటర్ పెడితే 5.1 చక్కగా చూపిస్తది, రాస్ప్‌బెర్రీ దగ్గర 4.3 కూడా ఉండదు, మనం మాడ్యూల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. అందుకే మీటర్ ఎప్పుడూ తీగ రెండో కొసన, గేమ్ నడుస్తుండగా పెట్టి చూడాలి.

నా మాట వింటే రాస్ప్‌బెర్రీకి దాని సొంత 15 వాట్ల అడాప్టర్ కొనిచ్చేయండి, స్క్రీన్‌కీ ఆంప్లిఫయర్‌కీ కలిపి 12 వోల్టుల 4 లేదా 5 ఆంపియర్లది పెట్టండి. ఒకటే ప్లగ్ అన్న మీ పట్టుదలా నిలబడుద్ది. డబ్బా వెనక కంప్యూటర్ పవర్ కేబుల్ ఎక్కే సాకెట్ ఒకటి, స్విచ్చూ ఫ్యూజూ కలిసే వచ్చేది, బిగించండి, దాన్నుంచి లోపల చెక్కకి స్క్రూ కొట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకి లైన్, అడాప్టర్లన్నీ అందులోకి. మొత్తం కలిపి 60 వాట్లు అనుకున్నా 230 వోల్టుల దగ్గర పావు ఆంపియర్ చిల్లరే, కాబట్టి 2 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజ్ (ఆన్ చేసినప్పటి క్షణం ఊపుకే ఎగిరిపోనిది) ధారాళంగా సరిపోద్ది, షాపులో 10 ది చేతిలో పెడితే తీసుకోవద్దు. బ్రౌన్ తీగ ఫేజ్, బ్లూ న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్, ఆ ఎర్త్‌ని బటన్లున్న రేకు ప్యానెల్‌కి కూడా తప్పకుండా కలపండి, పిల్లల చేతులుండేది దానిమీదే. అడాప్టర్ బదులు చిల్లుల రేకు డబ్బాలో వచ్చే పవర్ సప్లై, ఎస్‌ఎంపీఎస్ అంటారు, చవగ్గా వస్తుంది కదా అని కొంటే దాని మెయిన్స్ (230 వోల్టుల) స్క్రూలు బయటికే ఉంటాయి, మూత వేయకుండా వదలొద్దు. కిందా పైనా గాలికి నాలుగు కన్నాలు కూడా.

ఆగండి, అన్నిటికన్నా ముఖ్యమైంది మర్చిపోతున్నా. డ్రైవర్ బోర్డు మీద ప్యానెల్ వోల్టేజ్ ఎంచుకునే చిన్న టోపీలాంటి జంపర్ ఉంటది, 3.3, 5, 12 వోల్టులు అని. ల్యాప్‌టాప్ ప్యానెళ్ళకి మామూలుగా 3.3, మానిటర్లవి ఎక్కువగా 5, పెద్ద టీవీలవి 12. వెలుగుతోంది కదా అని ఊరుకోకుండా ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి సరిపోల్చుకోండి. నేను ఒకసారి చూడకుండా 12 మీద పెట్టేసి మంచి ప్యానెల్‌ని బూడిద చేసుకున్నా, మా ఆవిడ ఇప్పటికీ వచ్చినోళ్ళందరికీ చెప్తది.

ప్రశ్న: మా డబ్బాలో మామూలు 19 అంగుళాల మానిటర్ పెట్టాం అన్నా. వెనక స్విచ్ వేస్తే రాస్ప్‌బెర్రీ ఆన్ అవుతోంది, మానిటర్ మాత్రం బటన్ నొక్కితేగానీ రాదు, బటనేమో చెక్క వెనక ఇరుక్కుపోయింది.

జవాబు: మానిటర్ వెలుగుతుండగా ప్లగ్ పీకి, ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టి చూడు తమ్ముడూ. దానంతటదే వస్తే పాత స్థితి గుర్తుపెట్టుకునే రకం, ఇక ఆ బటన్ జోలికెళ్ళకు. రాకపోతే ఆ బటన్ రెండు కాళ్ళకీ రెండు తీగలు సోల్డర్ చేసి డబ్బా పక్కకి ఒక ఆర్కేడ్ బటన్‌గా లాగేయ్, అది తక్కువ వోల్టేజ్ వైపే, కానీ మానిటర్ ప్లగ్ తీసేసి కొంతసేపు ఆగాకే విప్పు, పవర్ బోర్డు మీద చెయ్యి పెట్టకు. రాస్ప్‌బెర్రీ 4లో హెచ్‌డీఎంఐ పోర్టులు రెండుంటాయి, మానిటర్‌కి బొమ్మ తీసుకెళ్ళే తీగ పవర్ సాకెట్ పక్కనున్న దాంట్లోనే ఉండాలి. ఇంకో మాట, ఆట అయ్యాక మెనూలో షట్‌డౌన్ కొట్టాకే వెనక స్విచ్ ఆపమని పిల్లలకి చెప్పు, ఊరికే పీకేస్తుంటే మెమరీ కార్డు చెడుద్ది.

ప్రశ్న: పాత గేమ్ పార్లర్‌ది అసలు సిసలు పిక్చర్ ట్యూబ్ మానిటర్ స్క్రాప్‌లో చూశానండి. ఇంట్లో నడపొచ్చా?

జవాబు: మోజు అర్థమైంది, ఆ రంగులు ఎల్సీడీలో రావు, నిజమే. కానీ ట్యూబ్ మీద రబ్బరు కప్పు కింద 20 వేల వోల్టుల పైమాటే, ప్లగ్ పీకాక కూడా చార్జి దాచుకుని కూర్చుంటది. పాతవాటిలో చాలావాటికి ఛాసిస్, అంటే లోపలి రేకు చట్రం, నేరుగా మెయిన్స్‌కి తగులుతూ ఉంటది, దాన్ని మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోకూడదు. అమెరికా సరుకైతే 115 వోల్టులది, మన 230 ఇస్తే అక్కడే పొగ. అవన్నీ దాటినా అది 15 కిలోహెర్ట్జ్ బొమ్మ సిగ్నల్ అడుగుద్ది, కంప్యూటర్ వీజీఏ సిగ్నల్ 31 నుంచి మొదలు, నేరుగా కలిపితే కుదరదు. టీవీ రిపేర్‌లో చెయ్యి తిరిగిన మనిషి పక్కనుంటే తెచ్చుకోండి, లేదంటే 17, 19 అంగుళాల పాత చదరపు ఎల్సీడీ మానిటర్ ఏదైనా సెకండ్ హ్యాండ్‌లో వెతకండి, పాత గేములు దాంట్లో పక్కలకి సాగకుండా దాదాపు నిండుగా వస్తాయి.