కోళ్ల గూడు జోలికి నువ్వు వెళ్లకు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. పెరట్లో మూడు కోళ్లు రాత్రికి రాత్రి తలలు వాల్చేస్తే, నువ్వే వట్టి చేతులతో ఎత్తి కొబ్బరిచెట్టు మొదట్లో పాతావని మరదలు ఫోనులో చెప్పింది. "కొక్కెర తెగులే" అన్నావట. కావచ్చు. తురాయి నల్లబడి చచ్చిన కోడిని చూసి, అది కొక్కెరో బర్డ్ ఫ్లూనో పశువుల డాక్టరే పరీక్ష చేయించకుండా చెప్పలేడు. నువ్వెలా తేల్చావు?

నా భయం కోళ్ల గురించి కాదు, నీ ఒంటి గురించి. పదిహేనేళ్ల షుగర్, ఆపైన డయాలసిస్. ఉద్దానంలో కిడ్నీ జబ్బు వీధివీధినా ఉంది కనుక నీకది మామూలైపోయింది. చక్కెర అదుపు తప్పితే రోగంతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. కిడ్నీలు వడకట్టలేని మలినాలు వాటిని మరింత నీరసపరుస్తాయి. ఈ బర్డ్ ఫ్లూ వైరస్ చూస్తే ఊపిరితిత్తుల లోతుకు దిగే రకం. 2013లో చైనాలో బర్డ్ ఫ్లూలోనే హెచ్7ఎన్9 అనే రకం వచ్చినప్పుడు ఎక్కువగా మంచాన పడింది పెద్దవయసు వాళ్లే. 2025 జనవరిలో అమెరికాలోని లూసియానాలో హెచ్5ఎన్1 అనే మరో రకంతో పోయిన మనిషికీ 65 దాటాయి, పాత జబ్బులున్నాయి, పెరటి పక్షుల దగ్గర మసిలిన మనిషే.

ఇంకో సంగతి. నీ వయసులో జ్వరం రాకపోవచ్చు. నేను వార్డులో ఉండగా ఒక పెద్దాయన అంబలి గ్లాసు పక్కకు నెట్టేసి, కూతుర్ని చెల్లెలి పేరుతో పిలిచాడు. థర్మామీటరు 99 దాటలేదు. ఎక్స్‌రే తీస్తే ఒక పక్క ఊపిరితిత్తి సగం తెల్లగా ఉంది. అందుకే మరదలికి చెప్పాను, థర్మామీటరును కాదు, నీ కంచాన్నీ మాటనూ కనిపెట్టమని.

పశువైద్యశాలకు ఈరోజే కబురు చెయ్యి. గూడు పని అబ్బాయికి అప్పగించు, వాడైనా మాస్కు, తొడుగులు లేకుండా రెట్ట ఊడ్చకూడదు. దగ్గు, ఆయాసం, కళ్ల ఎరుపు కనిపిస్తే డాక్టరుకు ముందుగా కోళ్లు చచ్చిన మాట చెప్పు. అడిగితే తప్ప చెప్పని గుణం నీది. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మందు, జబ్బు మొదలైన మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. కిడ్నీ రోగికి మోతాదు తగ్గించాలి కాబట్టి మందుల షాపులో అడిగి మింగకు. డయాలసిస్‌కు వెళ్లేముందు అక్కడికి ఫోను చెయ్యి, పక్క మంచాల్లో ఉన్నదీ నీలాంటివాళ్లే.

కూర మానమనను. ముక్క లోపల ఎరుపు లేకుండా ఉడికితే చాలు.

కోళ్లను పాతిన తేదీకి క్యాలెండరులో సున్నా చుట్టించాను. అక్కడి నుంచి పది రోజులు రోజూ ఫోను చేస్తాను, విసుక్కోకుండా తియ్యి.

మీ అక్క